పరిశోధన, ఆవిష్కరణల విధానాన్ని తెరవడం: ఇతర దేశాల నుంచి ఏం నేర్చుకోవచ్చు? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రభుత్వ ధనంతో జరిగే పరిశోధన అందరికీ అందాలన్న మాటను ఇప్పుడు దాదాపు ఎవరూ కాదనడం లేదు. అభిప్రాయభేదమంతా దానిని సాధించే పద్ధతి దగ్గరే వస్తోంది. గత ఇరవై అయిదేళ్లలో వేర్వేరు దేశాలు వేర్వేరు పద్ధతులను ప్రయత్నించాయి. కొన్ని పద్ధతులు నిలిచాయి, కొన్నింటిని పెట్టిన ప్రభుత్వాలే తీసేశాయి. ఆ అనుభవాల గురించి అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు, గ్రంథాలయ నిర్వాహకులు, విధాన రూపకల్పనలో ఉన్నవారు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

పరిశోధన విధానం "ఓపెన్‌"గా ఉండడమంటే పరిశోధన పత్రాలను ఉచితంగా చదవనివ్వడమేనా?

అది అందులో ఒక భాగం మాత్రమే. 2021 నవంబరులో యునెస్కో సభ్య దేశాలు ఆమోదించిన ఓపెన్ సైన్స్ సిఫారసు ప్రకారం పరిశోధన పత్రాలతో పాటు దత్తాంశం (డేటా), సాఫ్ట్‌వేర్, ప్రయోగశాల సదుపాయాలు, సామాన్య ప్రజల భాగస్వామ్యం, స్థానిక జ్ఞాన సంప్రదాయాలతో సంభాషణ కూడా ఈ పరిధిలోకే వస్తాయి. ఐరోపా సంఘం (ఈయూ)లో పరిశోధన కమిషనర్‌గా ఉన్న కార్లోస్ మొయిదాస్ 2015లో ఓపెన్ సైన్స్, ఓపెన్ ఇన్నొవేషన్, ప్రపంచానికి తెరిచిన తలుపులు అనే మూడు లక్ష్యాలను ఒకే వరుసలో పెట్టినప్పటి నుంచి అక్కడి విధాన పత్రాలలో ఈ మూడూ కలిసే కనిపిస్తున్నాయి. ఆచరణలో మాత్రం ఎక్కువ డబ్బు, ఎక్కువ వాదోపవాదాలు పత్రాల ప్రచురణ చుట్టూనే తిరిగాయి కాబట్టి ఈ సమాధానాలలో కూడా దానికే ఎక్కువ చోటు దక్కింది.

దేశాలు ఒకదాని నుంచి మరొకటి నేర్చుకోవడానికి ప్రత్యేకమైన ఏర్పాటు అవసరమా? ప్రచురితమైన విధాన పత్రాలను చదివితే సరిపోదా?

విధాన పత్రంలో నిర్ణయం ఉంటుంది. ఆ నిర్ణయం అమలులో ఎక్కడ తడబడింది, ఏ శాఖ అడ్డం పడింది, ఎంత ఖర్చయింది, ఎవరు అలిగారు అన్న సంగతులు అందులో ఉండవు. వాటిని అమలు చేసిన అధికారుల నోటి నుంచే వినాలి, అది కూడా విలేకరులు లేని గదిలో. ఐరోపా సంఘం ఈ అవసరాన్ని చాలా ముందుగానే గుర్తించింది. 2000 మార్చిలో లిస్బన్ సమావేశంలో సభ్య దేశాల ప్రభుత్వాధినేతలు "బహిరంగ సమన్వయ పద్ధతి" అనే మార్గాన్ని అంగీకరించారు. చట్టంతో కట్టడి చేయడం కుదరని రంగాలలో దేశాలు తమ అనుభవాలను పోల్చుకుంటూ, ఒకదానినొకటి సమీక్షించుకుంటూ ముందుకు సాగడం దాని సారాంశం.

ఐరోపా సంఘం పరిశోధనకు నిధులిచ్చే హొరైజన్ 2020 కార్యక్రమంలో భాగంగా 2015లో మొదలైన విధాన సహాయ వేదిక దానికి మరింత నిర్దిష్టమైన రూపం ఇచ్చింది. అందులో ఒక దేశం కోరితే బయటి నిపుణులు వచ్చి దాని పరిశోధన వ్యవస్థ మొత్తాన్ని సమీక్షిస్తారు. బల్గేరియా, హంగరీ, మాల్డోవా, ఉక్రెయిన్ అలా కోరినవే. అదే వేదికలో ఏదైనా ఒక సమస్యను ఎదుర్కొంటున్న కొన్ని దేశాలు కలిసి కూర్చునే పద్ధతి కూడా ఉంది. దానిని పరస్పర అభ్యసనం అంటారు. ఇందులో చేరడం పూర్తిగా స్వచ్ఛందం. ఒకరు గురువు, మిగిలినవారు శిష్యులు అన్న అమరిక అందులో లేదు.

ఓపెన్ సైన్స్ మీద అలాంటి అభ్యసనం జరిగిందా? అందులో ఏం తేలింది?

2017, 2018 సంవత్సరాలలో జరిగింది. ఆర్మేనియా, ఆస్ట్రియా, బెల్జియం, బల్గేరియా, క్రొయేషియా, ఫ్రాన్స్, లాత్వియా, లిథువేనియా, మాల్డోవా, పోర్చుగల్, స్లొవేనియా, స్వీడన్, స్విట్జర్లాండ్ అందులో పాల్గొన్నాయి. ఈ 13 దేశాల జాబితాను కాస్త నిదానంగా చూస్తే ఒక విశేషం తెలుస్తుంది. పరిశోధన మీద భారీగా ఖర్చు పెట్టే స్విట్జర్లాండ్, స్వీడన్ పక్కనే సోవియట్ కాలపు అకాడమీల వ్యవస్థ నుంచి బయటపడుతున్న ఆర్మేనియా, మాల్డోవా కూర్చున్నాయి. నెదర్లాండ్స్‌కు చెందిన వైద్య పరిశోధకుడు ఫ్రాంక్ మీడెమా అధ్యక్షత వహించారు.

చర్చ ప్రధానంగా రెండు విషయాల మీద నడిచింది. పరిశోధన ప్రభావాన్ని కొలిచే కొత్త కొలమానాలు ఎంతవరకు పనికొస్తాయన్నది మొదటిది. తన పనిని అందరి ముందు తెరిచి పెట్టే పరిశోధకుడికి దాని వల్ల వృత్తిలో ఏ మేలు జరుగుతుందన్నది రెండోది. అన్ని దేశాల అనుభవమూ చివరికి ఈ రెండో ప్రశ్న దగ్గరికే చేరింది. రిపోజిటరీలు (పత్రాలను భద్రపరిచి అందించే ఆన్‌లైన్ భాండాగారాలు) కట్టినా, ఆదేశాలు జారీ చేసినా, పదోన్నతి సంఘం మాత్రం ఎప్పటిలాగే పేరున్న జర్నళ్లలో ఎన్ని పత్రాలు వచ్చాయని లెక్కపెడుతుంటే పరిశోధకుడు దత్తాంశాన్ని శుభ్రం చేసి అందరికీ పెట్టడానికి సమయం ఎందుకు వెచ్చిస్తాడు? ప్రతి దేశమూ తన పరిస్థితిని బట్టి జాతీయ కార్యాచరణ ప్రణాళిక రాసుకోవాలని, అందులో ప్రోత్సాహకాల మార్పును చివరి అధ్యాయంగా వదిలేయకుండా మొదట్లోనే పెట్టాలని ఆ చర్చలను బట్టి చెప్పవచ్చు.

ఆల్ట్‌మెట్రిక్స్ అనే కొత్త కొలమానాల సంగతి ఏమిటి?

ఒక పత్రం గురించి సామాజిక మాధ్యమాలలో, వార్తలలో, విధాన పత్రాలలో, వికీపీడియాలో ఎంత ప్రస్తావన వచ్చిందో లెక్కించేవి ఇవి. ప్రజలకు ఏది చేరుతోందో సూచించడానికి పనికొస్తాయి. అయితే ఒకప్పుడు ట్విటర్ అనే పేరున్న ఎక్స్‌లో ఎక్కువసార్లు పంచుకున్నంత మాత్రాన ఆ పరిశోధన మంచిదని అర్థం కాదు. పైగా ఆ దత్తాంశం ప్రైవేటు కంపెనీల చేతిలో ఉంటుంది, వాటి నియమాలు రాత్రికి రాత్రి మారిపోవచ్చు. పాత అంకె స్థానంలో కొత్త అంకెను కూర్చోబెట్టడం వల్ల ఒరిగేది తక్కువ.

పదోన్నతి నియమాన్ని మారిస్తే నిజంగా తేడా వస్తుందా? ఉదాహరణ ఉందా?

బెల్జియంలోని లియేజ్ విశ్వవిద్యాలయం దీనికి చక్కటి ఉదాహరణ. అక్కడి రెక్టర్ బెర్నార్డ్ రెంటియే 2007లో ఒక నియమం తెచ్చారు: అధ్యాపకుడి పదోన్నతి కోసమో, నిధుల కోసమో పత్రాల జాబితా కావలసి వచ్చినప్పుడు విశ్వవిద్యాలయ రిపోజిటరీ నుంచి వచ్చే జాబితానే పరిగణిస్తారు. 2008లో ప్రారంభమైన ఆ రిపోజిటరీ పేరు ఆర్బి. పత్రాన్ని అందులో పెట్టకపోతే మూల్యాంకన సంఘం దృష్టిలో ఆ పత్రం లేనట్టే. ప్రచురణకర్త విధించిన గడువు ముగిసేదాకా పత్రం పూర్తి ప్రతిని మూసి ఉంచవచ్చు, కానీ డిపాజిట్ మాత్రం వెంటనే చేయాలి. శిక్ష లేదు, జరిమానా లేదు, ఉపన్యాసాలు లేవు. అయినా పత్రాలు వచ్చి చేరాయి.

పోర్చుగల్‌లోని మిన్యో విశ్వవిద్యాలయం అంతకుముందు వేరే దారిలో ప్రయత్నించింది. 2005లో డిపాజిట్‌ను తప్పనిసరి చేస్తూ, బాగా డిపాజిట్ చేసిన విభాగాలకు అదనపు డబ్బు ఇచ్చింది. డబ్బు బహుమానం ఊపు తెస్తుంది గానీ దానిని ఏళ్ల తరబడి ఇస్తూ పోవడం కష్టం. 2011 నాటికి ఆ విశ్వవిద్యాలయం కూడా డిపాజిట్ చేసిన పత్రాలనే లోపలి మూల్యాంకనంలో లెక్కించే దారికి మళ్లింది. ఆ తర్వాత బ్రిటన్ ఈ సూత్రాన్నే దేశవ్యాప్తంగా వర్తింపజేసింది: 2021 నాటి జాతీయ పరిశోధన మూల్యాంకనానికి పంపే జర్నల్ వ్యాసాలను ఆమోదం పొందిన మూడు నెలల్లోపు రిపోజిటరీలో పెట్టాలన్న నిబంధనను 2016 ఏప్రిల్ నుంచి అమలు చేసింది.

నెదర్లాండ్స్ ఇంకొంచెం లోతుకు వెళ్లింది. 2019లో అక్కడి విశ్వవిద్యాలయాలు, నిధుల సంస్థలు కలిసి బోధన, బృంద పని, నాయకత్వం, సామాజిక ప్రభావాలకు కూడా విలువనిచ్చే మూల్యాంకన విధానాన్ని ప్రకటించాయి. 2021లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం నియామకాలలో, పదోన్నతులలో పత్రాలకు సగటున ఎన్ని ఉటంకింపులు వచ్చాయో చెప్పే జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను పక్కన పెడతామని ప్రకటించింది. దానికి వ్యతిరేకంగా 150 మందికి పైగా పరిశోధకులు బహిరంగ లేఖ రాశారు. అంకెలు పోతే అంచనాలో పక్షపాతం చొరబడుతుందని, ఇతర దేశాలలో ఉద్యోగాలు వెతుక్కునే యువ పరిశోధకులు నష్టపోతారని వారి వాదన. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. మన దేశంలో సిఫారసుల బెడద తెలిసినవారికి, అంకె ఎంత లోపభూయిష్టమైనా అది కొందరికి రక్షణ కూడా అన్న మాట మరింత బాగా అర్థమవుతుంది. అందుకే ఉట్రెక్ట్ నిర్ణయం కన్నా లియేజ్ నియమమే మన విశ్వవిద్యాలయాలకు ముందుగా అందే మెట్టు అని మా అభిప్రాయం.

ఒక దేశంలో ఫలించిన నియమాన్ని మరో దేశం యథాతథంగా తెచ్చుకుంటే ఏమవుతుంది?

ఈ ప్రశ్నకు నార్వే కథ దాదాపు పూర్తి సమాధానం. కానీ దానిని ఆస్ట్రేలియా నుంచి మొదలుపెట్టాలి. 1990లలో ఆస్ట్రేలియా ప్రభుత్వం విశ్వవిద్యాలయాలకు ఇచ్చే నిధులలో కొంత భాగాన్ని పత్రాల సంఖ్యతో ముడిపెట్టింది. పత్రం ఎక్కడ వచ్చినా ఒకే విలువ. ఆ తర్వాత పత్రాల సంఖ్య పెరిగింది గానీ, పెరుగుదల ఎక్కువగా తక్కువ స్థాయి జర్నళ్లలో కనిపించిందని లిండా బట్లర్ అనే పరిశోధకురాలు 2003లో చూపించారు. ఈ హెచ్చరిక ప్రపంచమంతటా పాఠంగా మారింది.

నార్వే తన ప్రచురణ సూచికను రూపొందించినప్పుడు ఆ పొరపాటును దృష్టిలో పెట్టుకుని జర్నళ్లను రెండు స్థాయులుగా విభజించింది. పై స్థాయిలోకి ఆయా రంగాలలోని ప్రచురణలలో సుమారు అయిదో వంతు మాత్రమే వస్తాయి, వాటికి ఎక్కువ పాయింట్లు. మానవీయ శాస్త్రాల పుస్తకాలకు, నార్వేజియన్ భాషలోని రచనలకు కూడా చోటు కల్పించింది. సూచిక ఆధారంగా పంచే డబ్బును మొత్తం నిధులలో చిన్న వాటాకు పరిమితం చేసింది. స్థాయులను నిర్ణయించే పనిలో ఆయా రంగాల పండితులను భాగస్వాములను చేసింది. పొరుగువారికి ఇది నచ్చింది. డెన్మార్క్ 2009 ప్రాంతంలో అలాంటి సూచికనే పెట్టుకుంది. ఫిన్లాండ్ మూడు స్థాయులతో తన వర్గీకరణను తయారు చేసుకుంది. బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతం సామాజిక, మానవీయ శాస్త్రాల మేరకు ఆ ఆలోచనను తీసుకుంది.

ఫలితాలు మాత్రం ఒక్కలా లేవు. డెన్మార్క్ తన సూచికను 2021 చివర మూసేసింది. ఫిన్లాండ్‌లో వర్గీకరణ కొనసాగుతోంది, కానీ విశ్వవిద్యాలయాల మధ్య నిధులు పంచడానికి ఉద్దేశించిన స్థాయులను వ్యక్తుల ప్రతిభను కొలవడానికి వాడవద్దని దాని నిర్వాహకులు పదే పదే చెప్పవలసి వస్తోంది. ఒక సాధనం దేశం దాటేటప్పుడు దాని పట్టికలు దాటినంత సులువుగా దాని జాగ్రత్తలు దాటవు. మరో చిక్కు కూడా ఉంది. ఆస్ట్రేలియా గురించి బట్లర్ చెప్పిన నిర్ధారణనే 2017లో ఇతర పరిశోధకులు కొత్త లెక్కలతో ప్రశ్నించారు. అంటే దేశాలు ఒకదాని నుంచి మరొకటి నేర్చుకునే "పాఠం" కూడా ఎప్పటికప్పుడు తిరిగి పరిశీలించుకోవలసినదే.

కాబట్టి పరాయి విధానాన్ని చదివేటప్పుడు అందులో ఏముందని అడిగితే చాలదు. అది ఏ జాడ్యానికి మందుగా పుట్టింది, ఆ జాడ్యం మన దగ్గర ఉందా, దానిని నడిపే సిబ్బంది జీతం ఎవరి ఖాతాలోంచి వస్తుంది, అది విఫలమైతే తొలగించే అధికారం ఎవరికి ఉంది అని అడగాలి. ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం దొరకని విధానాన్ని ఎంత పేరున్న దేశం నుంచి వచ్చినా పక్కన పెట్టడమే మంచిది.

ధనిక దేశాలే మిగిలినవారికి నేర్పాలా?

ఈ రంగంలో నిజానికి వ్యతిరేక దిశలో కూడా పాఠం ప్రవహించింది. 1997లో బ్రెజిల్‌లోని సావో పావ్లో రాష్ట్ర పరిశోధన నిధుల సంస్థ ఫపెస్ప్, ఆరోగ్య శాస్త్రాల సమాచార కేంద్రం బిరేమే కలిసి స్థానిక జర్నళ్లను ఆన్‌లైన్‌లో ఉచితంగా అందించే ప్రయోగం మొదలుపెట్టాయి. దాని పేరు సైలో. ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదివే వీలు) అనే మాటకు నిర్వచనం ఇచ్చిన బుడాపెస్ట్ ప్రకటన 2002లో గానీ రాలేదు. అంటే బ్రెజిల్ అప్పటికి అయిదేళ్లుగా ఆ పని చేస్తూనే ఉంది. చిలీ వెంటనే చేరింది. తర్వాత లాటిన్ అమెరికాలోని చాలా దేశాలు, స్పెయిన్, పోర్చుగల్, దక్షిణాఫ్రికా అదే నమూనాను తీసుకున్నాయి. ఒక్కో దేశం తన జర్నళ్ల ఎంపికను, నాణ్యత ప్రమాణాలను తానే చూసుకుంటుంది. సాంకేతిక వేదిక మాత్రం ఉమ్మడిగా ఉంటుంది. 2003లో మెక్సికోలో మొదలైన రెడాలిక్ కూడా ఇలాంటిదే. 2013లో అర్జెంటీనా, పెరూ దేశాలు ప్రభుత్వ ధనంతో జరిగిన పరిశోధనను రిపోజిటరీలలో పెట్టాలని చట్టాలే చేశాయి.

ఈ వ్యవస్థలో చాలా జర్నళ్లు చదివేవారి దగ్గరా, రాసేవారి దగ్గరా డబ్బు తీసుకోవు. ఖర్చును విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వం, శాస్త్ర సంఘాలు భరిస్తాయి. దీనిని ఇప్పుడు డైమండ్ ఓపెన్ యాక్సెస్ అంటున్నారు. ఐరోపా దేశాల నిధుల సంస్థలు తమ నిధులతో జరిగిన పరిశోధన పత్రాలు వెంటనే అందరికీ ఉచితంగా అందాలన్న ప్లాన్ ఎస్‌ను 2018 సెప్టెంబరులో ప్రకటించినప్పుడు, అది రచయితల నుంచి రుసుము వసూలు చేసే పద్ధతికే ఊతమిస్తుందని లాటిన్ అమెరికా నుంచి గట్టి విమర్శ వచ్చింది. ఆ విమర్శ వృథా కాలేదు. ప్లాన్ ఎస్ కూటమి చేయించిన అధ్యయనం 2021లో వెలువడింది. ప్రపంచంలో 17 వేల నుంచి 29 వేల దాకా డైమండ్ జర్నళ్లు ఉండవచ్చని అందులో అంచనా వేశారు. 2022లో ఐరోపా సంస్థలు డైమండ్ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించాయి. 2023 అక్టోబరులో ఈ అంశం మీద తొలి ప్రపంచ సదస్సు మెక్సికోలోని తొలూకాలో జరిగింది. వేదిక ఎక్కడ పెట్టారన్నదే చాలా చెబుతుంది.

భారతదేశం ప్లాన్ ఎస్‌లో ఎందుకు చేరలేదు?

2019 ఫిబ్రవరిలో అప్పటి ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కె. విజయరాఘవన్ భారత్ చేరుతుందని చెప్పారు. అదే ఏడాది అక్టోబరు నాటికి దేశం తన సొంత మార్గాన్ని ఎంచుకుంటుందని ప్రకటించారు. రచయిత చెల్లించే రుసుముల లెక్క చూస్తే ఆ వెనకడుగు అర్థమవుతుంది. నేచర్ జర్నల్ 2020 నవంబరులో ఓపెన్ యాక్సెస్ ప్రచురణకు 9,500 యూరోల రుసుము ప్రకటించింది. మన దగ్గర అది ఒక పరిశోధక విద్యార్థి ఏడాదికి పైగా అందుకునే ఫెలోషిప్ కన్నా ఎక్కువ. చదవడానికి అడ్డుగోడ తీసేసి రాయడానికి అడ్డుగోడ కడితే పేద సంస్థలకు జరిగే మేలు తక్కువ.

మరి "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" ఓపెన్ యాక్సెస్ కాదా?

కాదు. ఈ మాట కొందరికి కష్టంగా తోచవచ్చు. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన ఈ పథకానికి 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 జర్నళ్లు 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలలోని దాదాపు 1.8 కోట్ల మందికి అందుతాయి. ఈ పథకం యూజీసీ కింద పనిచేసే గ్రంథాలయ సమాచార కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా అమలవుతుంది. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాల అధ్యాపకురాలికి ఇది నిజమైన మేలు, దానిని తక్కువ చేసి మాట్లాడకూడదు. అయితే ఇది చందా. డబ్బు కట్టినన్నాళ్లే తలుపు తెరిచి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఇంజినీరింగ్ విద్యలో సింహభాగం ప్రైవేటు కళాశాలలదే. తొలి దశలో ప్రభుత్వ సంస్థలనే చేర్చినందువల్ల వాటిలోని విద్యార్థులు, అధ్యాపకులు బయటే ఉండిపోయారు. రైతు సంఘం కార్యకర్త, చిన్న పరిశ్రమ యజమాని, ప్రైవేటు ప్రాక్టీసు చేసే వైద్యుడు కూడా బయటే.

ఇక్కడ జర్మనీ అనుభవం పనికొస్తుంది. అక్కడి విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు డీల్ అనే పేరుతో ఒక్కటై ప్రచురణ సంస్థలతో బేరానికి దిగాయి. చదివే హక్కుతో పాటు జర్మన్ రచయితల పత్రాలన్నీ ప్రపంచానికి తెరిచి ఉండాలన్నది వారి షరతు. వైలీతో 2019లో, స్ప్రింగర్ నేచర్‌తో 2020లో ఒప్పందం కుదిరింది. ఎల్సెవియర్‌తో కుదరలేదు. చాలా సంస్థలు చందా ఒప్పందాలను పొడిగించకుండా వదిలేశాయి, 2018లో కొత్త సంచికలు వాటికి అందడం ఆగిపోయింది, అయినా ఓర్చుకున్నాయి. చివరికి 2023లో ఒప్పందం కుదిరింది. కుదిరిన ఒప్పందాల పూర్తి ప్రతులను బహిరంగంగా పెట్టారు. స్వీడన్ కూడా 2018లో ఎల్సెవియర్ ఒప్పందాన్ని వదులుకుని 2019లో మెరుగైన షరతులతో తిరిగి కుదుర్చుకుంది. బేరం ఆడేవాడికి లేచి వెళ్లిపోగల సత్తా ఉండాలి. దేశం మొత్తానికి ఒకే కొనుగోలుదారుగా నిలబడిన భారత్‌కు 2027 తర్వాతి చర్చల్లో ఆ సత్తా ఉంటుంది; దానిని వాడుకుంటారా అన్నదే ప్రశ్న. అయితే చదవడం, ప్రచురించడం రెండింటినీ కలిపే జర్మన్ తరహా ఒప్పందాలు పెద్ద ప్రచురణ సంస్థల పట్టును ఇంకా బిగిస్తాయన్న విమర్శను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ప్లాన్ ఎస్ కూటమి ఇలాంటి ఒప్పందాలకు తన ఆర్థిక మద్దతును 2024తో ముగించింది.

డబ్బు ఖర్చు పెట్టకుండా చట్టం ద్వారా సాధించేది ఏదైనా ఉందా?

ఉంది. జర్మనీలో 2014 నుంచి, నెదర్లాండ్స్‌లో 2015 నుంచి, ఫ్రాన్స్‌లో 2016 నాటి డిజిటల్ రిపబ్లిక్ చట్టం నుంచి రచయితకు ఒక హక్కు ఉంది: ప్రచురణ సంస్థతో ఏ ఒప్పందం మీద సంతకం చేసినా, ప్రభుత్వ ధనంతో జరిగిన పరిశోధన వ్యాసాన్ని నిర్ణీత గడువు తర్వాత తాను మళ్లీ అందరికీ అందించవచ్చు. ఫ్రాన్స్‌లో ఆ గడువు విజ్ఞాన, సాంకేతిక, వైద్య రంగాలలో ఆరు నెలలు, మానవీయ, సామాజిక శాస్త్రాలలో పన్నెండు నెలలు. మన 1957 కాపీరైట్ చట్టంలో ఇలాంటి నిబంధన లేదు. ఖజానా మీద భారం పడని ఈ సవరణ మీద ఇక్కడ ఇంత తక్కువ చర్చ జరగడం ఆశ్చర్యకరం.

ఓపెన్ యాక్సెస్ వల్లనే నకిలీ జర్నళ్లు పుట్టుకొచ్చాయంటారు. నిజమేనా?

రచయిత నుంచి డబ్బు తీసుకునే పద్ధతి వాటికి అవకాశం ఇచ్చింది, కానీ గిరాకీని సృష్టించింది మన నియమాలే. పీహెచ్‌డీ సమర్పించాలంటే జర్నల్‌లో పత్రం ఉండాలని, పదోన్నతికి ఇన్ని పాయింట్లు రావాలని నిబంధన పెట్టి, పరిశోధనకు వసతి లేని కళాశాలలకు కూడా దానిని వర్తింపజేస్తే పత్రాలు అమ్మే దుకాణాలు వెలియక తప్పదు. ఈ విషయంలో తెలుగు నేల మీద జరిగిన ఒక సంగతిని దాచవలసిన అవసరం లేదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ పరిశోధకులను మోసగించిందని నిర్ధారిస్తూ 2019లో అమెరికా ఫెడరల్ న్యాయస్థానం అయిదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది.

యూజీసీ ఈ సమస్యను మొదట జాబితాలతో ఎదుర్కోవాలని చూసింది. ఆమోదిత జర్నళ్ల జాబితా వచ్చింది, తర్వాత కేర్ అనే మరో జర్నళ్ల జాబితా వచ్చింది, 2025లో దానిని కూడా విరమించుకుంది. అంతకన్నా ముఖ్యమైన మార్పు 2022 నవంబరులో జరిగింది: పీహెచ్‌డీ సమర్పణకు ముందు పత్రం ప్రచురించడం తప్పనిసరి అన్న నియమాన్ని తొలగించింది. చైనా కూడా 2020 ఫిబ్రవరిలో అంతర్జాతీయ సూచికల్లోని పత్రాల లెక్కకు పెద్దపీట వేయవద్దని, పత్రానికింత అని నగదు బహుమానాలు ఇవ్వవద్దని తన విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. మన దగ్గర విద్యా సంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులలో పరిశోధన అంచనా ఇంకా స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే అంతర్జాతీయ సూచికల లెక్కల మీదే ఎక్కువగా ఆధారపడుతోంది కాబట్టి ఒక చేత్తో సడలించిన ఒత్తిడిని మరో చేత్తో బిగిస్తున్నట్టే ఉంది.

ఆవిష్కరణల రంగంలో ఓపెన్ విధానం సాధ్యమా? పేటెంట్లకు, వ్యాపార రహస్యాలకు నష్టం కాదా?

"వీలైనంత తెరిచి ఉంచాలి, అవసరమైనంత మూసి ఉంచాలి" అన్నది ఐరోపా సంఘం అనుసరిస్తున్న సూత్రం. హొరైజన్ 2020లో 2017 నుంచి దత్తాంశాన్ని తెరిచి ఉంచడం సాధారణ నియమమైంది. వ్యాపార ప్రయోజనం, వ్యక్తిగత గోప్యత, భద్రత వంటి కారణాలు చూపి మినహాయింపు పొందవచ్చు. పేటెంటు తీసుకునే హక్కు అలాగే ఉంటుంది.

ఆస్ట్రియా అనుభవం ఇంకా ఆసక్తికరం. 2016లో అక్కడి ప్రభుత్వం 14 చర్యలతో జాతీయ ఓపెన్ ఇన్నొవేషన్ వ్యూహాన్ని ఆమోదించింది. అంతకుముందే 2015లో లుడ్విగ్ బోల్ట్స్‌మన్ పరిశోధన సంస్థ మానసిక ఆరోగ్యం గురించి ఏ ప్రశ్నల మీద పరిశోధన జరగాలో చెప్పమని రోగులను, వారి కుటుంబ సభ్యులను, చికిత్స చేసేవారిని అడిగింది. మానసిక వ్యాధితో బాధపడే తల్లిదండ్రుల పిల్లల పరిస్థితి అందులో ముందుకు వచ్చింది. తర్వాత ఆ అంశం మీద పరిశోధన బృందాలు ఏర్పడ్డాయి. ఏది పరిశోధించాలో నిర్ణయించే హక్కులో కొంత భాగాన్ని పంచుకోవడం తయారైన ఫలితాన్ని ఉచితంగా ఇవ్వడం కన్నా పెద్ద మార్పు.

మన దేశంలో సీఎస్ఐఆర్ 2008లో క్షయ వ్యాధి మందుల కోసం ఓపెన్ సోర్స్ డ్రగ్ డిస్కవరీ అనే ఉమ్మడి పరిశోధన కార్యక్రమాన్ని ప్రారంభించింది. విద్యార్థులు పెద్ద సంఖ్యలో స్వచ్ఛందంగా చేరారు. తర్వాత ఆ ఊపు తగ్గింది. అయినా ఇతర దేశాల నమూనాలు వెతికేవారు మొదట ఈ స్వదేశీ ప్రయత్నం ఎందుకు నిలదొక్కుకోలేదో అధ్యయనం చేయడం మంచిది.

తెలుగు వంటి భాషలలో జరిగే పరిశోధనకు ఈ విధానాలలో చోటు ఉందా?

సైలో జర్నళ్లు పోర్చుగీసు, స్పానిష్ భాషలలో కూడా వెలువడతాయి. 2019లో ఫిన్లాండ్ నుంచి వచ్చిన హెల్సింకి ప్రకటన స్థానిక భాషలలో వచ్చిన పరిశోధనను మూల్యాంకనంలో చిన్నచూపు చూడవద్దని కోరింది. తెలుగు సాహిత్యం, చరిత్ర, శాసనాలు, వ్యవసాయ విస్తరణ వంటి రంగాలలో తెలుగులో రాసిన పత్రానికి పదోన్నతి లెక్కల్లో సమాన విలువ ఇవ్వాలంటే నార్వే మాదిరిగా రంగాలవారీగా పండితులే ఎంచిన జాబితా అవసరం. ఆ పని ఢిల్లీలో జరగదు.

కేంద్రం నిర్ణయం కోసం ఎదురు చూడకుండా ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం తనంతట తాను ఏం చేయగలదు?

చాలానే చేయగలదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 2002లోనే రిపోజిటరీ ప్రారంభించింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, ఐఐటీ హైదరాబాద్ తమ పరిశోధనను సొంత రిపోజిటరీలలో ఉంచుతున్నాయి. హైదరాబాద్‌లోనే ప్రధాన కార్యాలయం ఉన్న నిధుల సంస్థ డీబీటీ–వెల్‌కమ్ ట్రస్ట్ ఇండియా అలయన్స్, జర్నల్ పేరును బట్టి పరిశోధకుడిని అంచనా వేయకూడదన్న డోరా ప్రకటన మీద సంతకం చేసింది. అంటే నమూనాలు పొరుగు వీధిలోనే ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ (డీబీటీ), శాస్త్ర సాంకేతిక విభాగాలు 2014 డిసెంబరులోనే ఓపెన్ యాక్సెస్ విధానాన్ని ప్రకటించాయి కాబట్టి వాటి నిధులు పొందేవారికి డిపాజిట్ చేయడం ఇప్పటికే బాధ్యత; అమలును ఎవరూ అడగకపోవడం వల్ల అది కాగితానికే పరిమితమైంది.

అకడమిక్ కౌన్సిల్ ఒక తీర్మానం చేస్తే లియేజ్ నియమాన్ని అమలులోకి తేవచ్చు: వచ్చే విద్యా సంవత్సరం నుంచి అంతర్గత మూల్యాంకనానికి, ప్రయాణ నిధులకు, పీహెచ్‌డీ పర్యవేక్షకుల గుర్తింపునకు రిపోజిటరీలో ఉన్న పత్రాలనే పరిగణిస్తామని ప్రకటించడం. రిపోజిటరీకి ఉచిత సాఫ్ట్‌వేర్ డీస్పేస్ ఉంది, దానిని నడపడం తెలిసిన గ్రంథాలయ సిబ్బంది శోధ్‌గంగలో సిద్ధాంత గ్రంథాలను చేర్చిన అనుభవంతో చాలా చోట్ల ఉన్నారు. ప్రచురణ సంస్థ నిబంధనలు ఏమిటో తేల్చి చెప్పే ఒక ఉద్యోగి, డిపాజిట్ చేయడం రాని సీనియర్ ఆచార్యులకు సాయపడే ఇద్దరు విద్యార్థి సహాయకులు ఉంటే మొదటి ఏడాది గడుస్తుంది. వైస్ చాన్సలర్ మారినా నియమం మారకుండా ఉండాలంటే దానిని సర్క్యులర్‌గా వదిలేయకుండా విశ్వవిద్యాలయ నియమావళి అయిన ఆర్డినెన్స్‌లో చేర్చడం అవసరం.